మీకు తెలుసా? పాత ఇల్లు, పైకప్పు, బీమా

ఇంటి బీమాలో పైకప్పు వయసు కంటే ముందు చూసేది అది దేనితో వేసిందన్నది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశంతో 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో గడ్డి, ఆకు, వెదురు, టార్పాలిన్ కప్పులున్నవి కచ్చా కట్టడాలు. నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లోని పూరికొట్టాలు ఈ కోవలోకే వస్తాయి. దరఖాస్తులో కట్టడం వయసు, రకం ఉన్నదున్నట్టు రాయాలి; తప్పు రాస్తే పరిహారానికే ముప్పు.

కప్పు పాతదైనంత మాత్రాన పరిహారంలో తరుగుదల కోయరు. బీమా మొత్తానికి లోబడి, తిరిగి కట్టే ఖర్చునే లెక్కగడతారు. పాత ఇళ్లవారికి ఇది నిజంగా పెద్ద మేలు. అయితే నష్టం అగ్ని, పిడుగు, తుపాను, వరద వంటి వాటివల్ల జరగాలి. 2021 నవంబరులో సోమశిల జలాశయం దిగువన పెన్న వరద తెచ్చిన నష్టం అలాంటిదే. ఏళ్ల తరబడి చెమ్మ దిగి, కమ్మీలు తుప్పుపట్టి శ్లాబు పెచ్చులూడితే ఖర్చు యజమానిదే. అందుకే పాత ఇల్లు కొనేముందు శ్లాబు అడుగుభాగం మేస్త్రీకి చూపించాలి.

అమెరికాలోనైతే బీమాకు కప్పు వయసే పెద్ద అడ్డంకి. 15 ఏళ్లు నిండని కప్పున్న ఇంటికి కేవలం ఆ కప్పు వయసు చూపి బీమా నిరాకరించరాదని ఫ్లోరిడా 2022లో చట్టం చేసింది.

మన దగ్గర ఇల్లు అమ్మినవారి పాలసీ కొన్నవారికి దానంతటదే బదిలీ కాదు. రిజిస్ట్రేషన్ నాటికే కొత్తది తీసుకోవాలి.