ఇంటికి కంప్యూటరు నెన్నుకొనుట

"ఏ కంప్యూటరు కొనమందురు?" అని నన్ను అడుగువారు తరచుగా కనబడుచుందురు. నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను. ముప్పది యేండ్లు బడిలో తెలుగు చెప్పి విరమించినవాడను. అయినను చాల కాలముగా ఇంట కంప్యూటరు నుంచుకొని, దానివలన మేలును కీడును గూడ చవిచూచినవాడ నగుటచే, నాకు తెలిసిన నాలుగు మాటలు ఈ పూట శ్రోతలతో ముచ్చటింప దలచినాను.

ఎడ్లను కొనబోవు రైతు ముందుగా తన పొలమును తలచుకొనును. నల్లరేగడి దున్నుటకు కావలసిన జోడు వేరు, ఇసుక నేలకు చాలిన జోడు వేరు. కంప్యూటరు విషయమున మాత్రము మనము మొదట అంగడికి పోయి, కొని తెచ్చిన పిదప పని వెదకుకొనుచున్నాము. కావున "ఏది మంచిది?" అను ప్రశ్నకు ముందు "నాకు దేనికి?" అను ప్రశ్న వేసికొనవలెను.

కంప్యూటరనగా నేమో ముందు కొంచెము చెప్పుకొందము. బల్లమీది కంప్యూటరునకు పెట్టె, తెర, కీబోర్డు, మౌస్ అని నాలుగు భాగములు. పెట్టెలోపల ముఖ్యమైనవి మూడు: ప్రాసెసరు, మెమరీ, డిస్కు. కచేరిలో లెక్కలు వ్రాయు గుమాస్తాను తలచుకొనుడు. ఆ గుమాస్తాయే ప్రాసెసరు. అతని యెదుట నున్న వ్రాతబల్ల మెమరీ. వెనుక నున్న బీరువా డిస్కు. గుమాస్తా ఎంత చురుకైనవాడైనను బల్ల ఇరుకైనచో, కాగితములను మాటిమాటికి బీరువాలో పెట్టుచు, తీయుచు కాలమంతయు వ్యర్థము చేయును. కరెంటు పోయినచో బల్ల మీది కాగితము లన్నియు మాయమగును, బీరువాలోనివి నిలుచును.

ఇక ఆపరేటింగ్ సిస్టమ్ అనునది యంత్రము కాదు. యంత్రమును నడపు ఏర్పాటు. పెండ్లియింట ఒక పెద్ద యుండును. వంటవానికి సామాను, మేళగాండ్రకు చోటు, చుట్టములకు విడిది, ఎవరికేది ఎప్పుడు కావలెనో అతడే పంచిపెట్టును. అతడు లేనిచో ఒకరి విస్తరి నొకరు లాగికొందురు. కంప్యూటరులో మన ఉత్తరము, లెక్క, పాట, బొమ్మ అన్నియు ఒకేసారి మెమరీని, డిస్కును, తెరను, అచ్చుయంత్రమును కోరును. ఆ కోరికలను తీర్చి తగవు రాకుండ చూచు పెద్దయే ఆపరేటింగ్ సిస్టమ్.

ఇండ్లలోని బల్లమీది కంప్యూటర్లకు నేడు ముఖ్యముగా మూడు విధములైన పెద్దలు దొరకుదురు. మొదటిది మైక్రోసాఫ్ట్ వారి విండోస్. దాని తొలి కూర్పు 1985లో వెలువడినది. రెండవది ఆపిల్ వారిది. వారి మెకింటాష్ 1984లో వచ్చినది. ఆపిల్ వారు యంత్రమును, దానిని నడపు వ్యవస్థను గూడ తామే చేసి జతగా అమ్ముదురు. ఒకటి కావలెనన్న రెండవది గూడ తీసికొనవలసినదే. మూడవది లినక్సు. ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయములో విద్యార్థిగా నున్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో దీని మూలభాగమును వ్రాసి లోకమునకు విడిచిపెట్టెను. అంతకుముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ ప్రకటించిన గ్నూ ప్రయత్నము దీనికి తోడయినది. దీని మూలగ్రంథమును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును. అట్లు పంచువారు తమ తమ కూర్పులకు వేరు వేరు పేర్లు పెట్టినారు. 2004లో వచ్చిన ఉబుంటు, 2006లో వచ్చిన లినక్సు మింట్ వానిలో ప్రసిద్ధములు. మన దేశమున సి-డాక్ సంస్థవారు బాస్ అను కూర్పును తయారు చేసిరి. వీనిని వెల యీయకయే తెచ్చుకొనవచ్చును.

ఇక నా సంగతి. 2016లో కొన్న కంప్యూటరొకటి నా వద్ద నున్నది. దానిలో విండోస్ 10 నడచుచుండెను. ఆ కూర్పునకు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. సహాయము ముగిసిన మాత్రమున యంత్రము నిలిచిపోదు. ఇంటి తాళము ఎప్పటివలెనే పడును. కాని ఆ తాళమునకు మారుచెవి చేయు ఉపాయము రేపు దొంగలు కనుగొన్నచో, తాళము మార్చియిచ్చువారు రారు. బ్యాంకు వ్యవహారములు నడుపువానికి ఇది చిన్న సంగతి కాదు. పోనీ, విండోస్ 11కు మారుదమా అన్నచో, దానికి నాలుగు గిగాబైట్ల మెమరీ, అరువది నాలుగు గిగాబైట్ల డిస్కు చాలునని చెప్పుచునే, టి.పి.ఎం. 2.0 అను భద్రతాసాధనమును, తాము అంగీకరించిన పట్టికలోని ప్రాసెసరును ఉండవలెనన్నారు. నా ప్రాసెసరు ఆ పట్టికలో లేదు. అంగడివాడు "పాత ఇనుమునకు వేయుడు" అన్నాడు. తొమ్మిదేండ్లు నమ్మకముగా చాకిరి చేసినదానిని అట్లు పారవేయుటకు నాకు మనసొప్పలేదు. తెలిసిన కుర్రవాని నొకని పిలిచి లినక్సు పెట్టించితిని.

ఇక్కడ నేను చేసిన తప్పును దాపరికము లేక చెప్పవలెను. ఈ ప్రసంగమునకు కారణము గూడ అదియే. మా అమ్మగారు మాటకొక సామెత చెప్పెడివారు. పండ్రెండేండ్లుగా ఆ సామెతలను నేను కంప్యూటరులో వ్రాసి యుంచుకొనుచుంటిని. కుర్రవాడు "పాతవన్నియు తుడిచివేయవచ్చునా, మాస్టారూ?" అని అడిగెను. పెన్‌డ్రైవులో నకలు ఉన్నది గదా యను ధీమాతో "తుడువు, నాయనా" అంటిని. ఆ నకలు రెండేండ్ల క్రిందటిదని తరువాత తెలిసినది. తుది రెండేండ్లలో మంచముమీద నుండి ఆమె చెప్పినవి సుమారు మూడువందలు పోయినవి. ఆమె ఇప్పుడు లేరు. ఆ సామెతలను నాకు మరల చెప్పువారు లేరు. తప్పు యంత్రముది గాదు, కుర్రవానిది గాదు, నాది.

మిగిలినవానినైన చదువుకొందమని తెరచితిని గదా, తెలుగక్షరమునకు మారుగా అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల గుంపులు కనబడినవి! దీనికి గల కారణమును తెలుగు వ్రాసికొను ప్రతివారును తెలిసికొనవలెను. కంప్యూటరు అక్షరమును అక్షరముగా దాచదు, ఒక సంఖ్యగా దాచును. వెనుకటి పద్ధతిలో ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలనే తీసికొని, వానిమీద తెలుగు ఆకారములను తొడిగెడివారు. ఆ తొడుగు, అనగా ఆ ఫాంటు, ఉన్నంతవరకే అది తెలుగు, లేనిచోట గజిబిజి. యూనికోడ్ అను పద్ధతిలో అట్లు గాక ప్రతి లిపిలోని ప్రతి యక్షరమునకు తనదైన సంఖ్య ఒకటి యున్నది. 1991లో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగునకు చోటు దొరకినది. మన 'క' సంఖ్య 3093. విండోసులో వ్రాసినను, ఆపిల్‌లో తెరచినను, లినక్సులో చదివినను 'క' 'క'యే. పాత వ్రాతలను యూనికోడునకు మార్చు సాధనములు గలవు. వాని సహాయమున నా సామెతలను మార్చుకొని, తప్పులు దిద్దుకొనుటకు నాకు రెండు నెలలు పట్టినది. యంత్రములు మారును, వ్యవస్థలు మారును. యూనికోడులో వ్రాసిన తెలుగు మాత్రము మనతో కూడ వచ్చును.

ఇప్పుడు ఎన్నిక సంగతి. నేనెరిగిన మూడిండ్లను చెప్పెదను.

మొదటివాడు పచారి కొట్టు నడుపు నా మిత్రుడు. అతని లెక్కలన్నియు ట్యాలీలో నున్నవి. ట్యాలీ విండోసు కొరకు చేయబడినది. అతని ఆడిటరు అడుగునది గూడ ఆ లెక్కలనే. అతనికి నేను లినక్సును గూర్చి ఉపన్యసించుట అధర్మము. విండోస్ 11 నడచు కొత్త యంత్రమును కొనుమంటిని. వెలకు ఆశపడి పాతదానిని కొనునెడల, ఆ ప్రాసెసరు పట్టికలో నున్నదో లేదో చూచికొని మరి కొనుమంటిని.

రెండవవాడు పెండ్లి వీడియోలను కూర్చు మా మేనల్లుడు. అతడు పని నేర్చినది ఫైనల్ కట్ ప్రో అను సాధనముతో. అది ఆపిల్ యంత్రములమీద దప్ప నడువదు. అతడు మ్యాక్ మినీ కొనెను. ఆ చిన్న పెట్టెతో తెర, కీబోర్డు, మౌస్ రావు, వేరుగా కొనవలెను. అంతకంటె ముఖ్యము, కొన్న పిదప దానిలో మెమరీ పెంచుటకు వీలులేదు. కావున అయిదేండ్లకు చాలినంత మెమరీని మొదటి రోజుననే తీసికొనవలెను.

మూడవ ఇల్లు మాది. మేము చేయునదేమి? వార్తలు చదువుట, ఉత్తరములు వ్రాయుట, దూరదేశమున నున్న బిడ్డలను తెరమీద చూచి మాటాడుట, అప్పుడప్పుడు బ్యాంకు పని. ఈ పనులలో చాల భాగము ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజరులోనే జరుగును. ఉత్తరములకు లిబ్రె ఆఫీస్ చాలును. తొమ్మిదేండ్ల పాతదైన నా యంత్రము లినక్సు మింటుతో ఇప్పుడు మునుపటికంటె హాయిగా నడచుచున్నది. అయినను లోపములు లేవనను. మైక్రోసాఫ్ట్ ఆఫీసులో ఇతరులు వ్రాసి పంపిన పత్రముల పంక్తులు ఒకప్పుడు చెదరును. కొన్ని అచ్చుయంత్రములకు, కొన్ని స్కానర్లకు తగిన సాధనములు లినక్సునకు దొరకవు. డిజిటల్ సంతకము వాడవలసినవారు ముందే విచారించుకొనవలెను.

యంత్రమును గూర్చి రెండు మాటలు. పాత కంప్యూటరు నెమ్మదించినచో, తిరుగుడు డిస్కును తీసి ఎస్.ఎస్.డి. అను కదలిక లేని డిస్కును పెట్టించుడు. బీరువా తలుపు తీయుటకే అరగంట పట్టెడు గుమాస్తాకు చేతికందు అలమర యిచ్చినట్లగును. కొత్తదానికి సాధారణ గృహకృత్యములకు ఎనిమిది గిగాబైట్ల మెమరీ చాలును, పదునారున్న నిశ్చింత. కరెంటు పోవు ఊళ్ళలో యు.పి.యస్. లేక బల్లమీది కంప్యూటరు నుంచుకొనరాదు. ఆ చింత వలదనువారికి ల్యాప్‌టాప్ కలదు. కాని దానిలో ఒక భాగము చెడినచో బాగుచేయుట కష్టము, బల్లమీదిదానిలో సులభము.

తుదకు మార్పు చేయదలచినవారికి నా విన్నపము. ముందుగా మీ వ్రాతలకు, ఫొటోలకు రెండు నకళ్ళు తీయుడు; ఆ రెండింటిని వేరు వేరు చోట్ల నుంచుడు. తరువాత ఆ నకళ్ళను మరియొక కంప్యూటరులో తెరచి, తేదీలతో సహా చూచికొనుడు. తెరచి చూడని నకలు నకలు గాదు. నేనిది వెలయిచ్చి నేర్చుకొన్న పాఠము. ఆ పిమ్మట లినక్సును పెన్‌డ్రైవు నుండియే నడపి చూడవచ్చును. డిస్కును అది ముట్టదు. శబ్దము వచ్చుచున్నదా, అచ్చు పడుచున్నదా, తెలుగు టైపు అగుచున్నదా అని రెండు మూడు దినములు పరీక్షించుడు. నచ్చిన నిలుపుకొనుడు, నచ్చకున్న పెన్‌డ్రైవు తీసివేయుడు.

పోయిన సామెతలలో పదునాలుగింటిని మా అక్కగారు జ్ఞాపకము చేసికొని చెప్పినారు. వానిని యూనికోడులో వ్రాసి, మూడు చోట్ల దాచితిని. అందొకటి మా ఇంటి గోడ క్యాలెండరుమీద గూడ పెన్సిలుతో వ్రాసితిని. దానిని తెరచుటకు ఏ వ్యవస్థయు అక్కరలేదు గదా!