పాత ఇంటి కుళాయి నీరు

1908 నాటి మూసీ వరదల పిమ్మట నిర్మితమైన ఉస్మాన్‌సాగరు వంటి జలాశయముల నీరు వడపోతయు క్లోరినును పొంది శుద్ధమై బయలుదేరినను, హైదరాబాదు పాతబస్తీలోని ప్రాచీన గృహపు కుళాయిని చేరునాటికి అదే నిర్మలత్వముతో ఉండునని చెప్పజాలము; ఏలయన, సరఫరా ఆగిన వేళలలో ఖాళీయైన గొట్టములు పగుళ్లగుండ పరిసరముల మురికిని లోనికి పీల్చుకొనవచ్చును, తుప్పు పట్టిన ఇనుము నీటికి ఎర్రని ఛాయను లోహపు రుచిని కలిగించును.

కావున ముందు పరీక్ష, పిదప వడపోత. చిన్న గాజుగొట్టమున కుళాయి నీరు పట్టి ఆర్థోటోలిడిన్ చుక్కలు వేసినచో, క్లోరిను మిగిలియున్న నీరు పసుపు వర్ణము దాల్చును. లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాములు ఉండవలయునని భారతీయ ప్రమాణము. రంగు మారనిచో ఆ నీటిని మరగించి తాగుట శ్రేయస్కరము. అయితే మరగించుటచే సూక్ష్మజీవులు నశించునే గాని ఫ్లోరైడు, సీసము తొలగవు. నీరు ఆవిరియైన కొలది వాటి సాంద్రత హెచ్చును. వీటిని ప్రయోగశాలయందే కొలిపింపవలయును.

సాధనముల విషయమున అంగడివాని మాటకన్న నీటి స్వభావమే ప్రమాణము. మట్టికి, తుప్పునకు క్యాండిల్ ఫిల్టరు చాలును. ఫ్లోరైడు వంటి దోషము లేక, కరిగిన లవణములు లీటరునకు 500 మిల్లీగ్రాములు మించనిచో, ఎంతో నీటిని కాలువపాలు చేయు ఆర్వో యంత్రము సాధారణముగా అనావశ్యకము. రాత్రంతయు గొట్టములలో నిలిచిన నీటిని అంట్లకు వినియోగించి, పిదపనే తాగునీరు పట్టుకొనుట పైసా ఖర్చులేని జాగ్రత్త.