బ్యాటరీ డౌన్... డిక్కీ తెరిచేదెలా?

రిమోట్ ఎంత నొక్కినా కారు ఉలకదు, పలకదు. అమ్మ బీపీ మాత్రలేమో డిక్కీలో! మొన్న మా పరిస్థితి ఇదే.

ఇప్పటి కార్లలో చాలావాటి డిక్కీకి తాళంకన్నే ఉండదు. లాక్ తెరుచుకోవాలంటే 12 వోల్టుల బ్యాటరీలో కరెంటుండాలి.

రిమోట్‌లో దాగున్న తాళంచెవి లాగి డ్రైవర్ డోర్ తీశా. వెనక సీటు మడవగానే మాత్రలు చేతికందాయి. మరి లగేజీ? లోపలికి పాకి, డిక్కీ డోర్ లోపలివైపున్న ప్లాస్టిక్ మూత తీసి, ఫోన్ లైట్‌లో లివర్ జరిపితే... ‘టక్’!

అన్ని కార్లకూ ఈ లివర్ ఉండదు. అప్పుడు బానెట్ తీసి, జంపర్ కేబుల్స్‌తో కరెంటివ్వాలి. బ్యాటరీ డిక్కీలోనే ఉన్న కార్లకు చాలావరకు బానెట్ కింద జంప్ పాయింట్లుంటాయి.

మీ కారులో లివర్ ఎక్కడుందో ఇవాళే చూస్కోండి. కేబుల్స్ మాత్రం డిక్కీలో పెట్టకండి బాస్!