నలుగురూ నచ్చిన ఓటరు

ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా ఒక నియోజకవర్గంలో ఏ పార్టీ తరఫున ఎవరు నిలబడాలన్నది ఆ పార్టీ అధిష్ఠానం తేల్చి బి-ఫారం చేతికిచ్చే విషయం కాగా, అమెరికాలో అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థి ఎవరన్నది కూడా చాలావరకు ఓటర్లే ముందుగా తేలుస్తారు. ఆ ముందస్తు పోలింగునే ప్రైమరీ అంటారు. ఎన్నికల ఏడాది తొలి నెలల్లో మొదలై వేసవి దాకా రాష్ట్రం వెంట రాష్ట్రంగా సాగే ఈ వరుసలో, వచ్చిన ఓట్లను బట్టి అభ్యర్థులు కొందరు ప్రతినిధులను, అంటే డెలిగేట్లను, సంపాదించుకుంటారు. వారిలో సగానికి మించి ఎవరి పక్షాన చేరితే పార్టీ మహాసభ వారిని అభ్యర్థిగా ప్రకటిస్తుంది. ఈ పద్ధతి పాతుకున్నది 1970ల నుంచే. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ప్రైమరీలలో పోటీకి దిగకుండానే డెమొక్రటిక్ అభ్యర్థి కావడంపై రేగిన ఆగ్రహం ఆ పార్టీ నిబంధనలను మార్పించింది, ఆ మార్పు రిపబ్లికన్ పార్టీకీ పాకింది.

ఈ ఏర్పాటులో ఎక్కువ చిక్కుపడేవాడు రిపబ్లికన్ పార్టీలోని మధ్యేమార్గ సంప్రదాయవాది. పన్నులు తగ్గాలని, ప్రభుత్వ ఖర్చుకు పగ్గం ఉండాలని, దేశరక్షణ బలంగా ఉండాలని కోరుతూనే, వలసల విషయంలోనో పేదల వైద్యం విషయంలోనో కొంత సర్దుబాటుకు ఒప్పుకునే ఓటరుకు ఈ పేరు వర్తిస్తుంది. తెలుగు రాతల్లో ‘మితవాది’ అన్న మాట ఒకచోట గోఖలే వంటి నెమ్మదస్తులకు, మరోచోట కుడిపక్షాలకు వాడుకలో ఉన్నందున అది ఇక్కడ అక్కరకు రాదు. ఈ ఓటరు ఆ రెండర్థాలలోనూ మితవాదే కావడం వేరే సంగతి.

ఓటర్లందరినీ ఎడమ నుంచి కుడికి ఒకే గీతపై నిలబెడితే, సరిగ్గా నడుమ ఉన్న ఓటరుకు దగ్గరగా జరిగిన పార్టీకి గెలుపు అవకాశం ఎక్కువని ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1957 నాటి తన గ్రంథంలో వాదించాడు. ప్రైమరీల వల్ల ఆ గీత రెండవుతుంది: రిపబ్లికన్ పార్టీ నడిమి బిందువు దేశపు నడిమి బిందువుకంటే కుడివైపున ఉంటుంది గనుక, అభ్యర్థిత్వం కోసం ఒకదానికి, నవంబరులో జరిగే అసలు ఎన్నికలో విజయం కోసం మరొకదానికి దగ్గర కావలసి వస్తుంది. 1964లో బారీ గోల్డ్‌వాటర్ కాలిఫోర్నియా ప్రైమరీలో నెల్సన్ రాక్‌ఫెల్లర్‌ను స్వల్ప తేడాతో దాటి అభ్యర్థి అయ్యాడు గానీ, నవంబరులో 50 రాష్ట్రాలలో 6 మాత్రమే అతనికి దక్కాయి. నేషనల్ రివ్యూ పత్రిక స్థాపకుడు విలియం బక్లీ 1967లో, గెలవగలిగినవారిలో అందరికంటే కుడివైపున ఉన్నవారిని బలపరచాలన్న సూత్రం చెప్పాడు. సూత్రం పొందికగానే ఉంది, అయితే గెలవగలిగినవారు ఎవరో ముందుగా పోల్చుకునే దారి మాత్రం అందులో లేదు.

ఆ లోటు బయటపడిన చోటు 2016 ఫిబ్రవరి 9 నాటి న్యూ హాంప్‌షైర్ ప్రైమరీ. ఈ చిన్న రాష్ట్రంలో ఏ పార్టీ పేరునా నమోదు కాని ఓటర్లు ఏ పార్టీ బ్యాలెట్టునైనా అడిగి తీసుకోవచ్చు, ఓటు వేశాక అక్కడే ఒక కాగితం నింపి మళ్లీ ఏ పార్టీకీ చెందనివారిగా ఇంటికి వెళ్లవచ్చు. 2000లో అలాంటివారి అండతోనే జాన్ మెకెయిన్ ఇక్కడ జార్జి డబ్ల్యూ. బుష్‌ను భారీ తేడాతో ఓడించాడు. కాబట్టి మధ్యేవాదికి ఇది సొంత పొలం వంటిది. 2016లో అతనికి నచ్చే అభ్యర్థులు కరవు కాలేదు, మితిమీరారు. అప్పటి ఒహాయో గవర్నరు (మన ముఖ్యమంత్రి వంటి పదవి) జాన్ కేసిక్ 1990లలో ప్రతినిధుల సభ సభ్యుడిగా సమతుల బడ్జెట్టు కోసం పాటుపడినవాడు, అయితే తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా అయిన మెడికెయిడ్‌ను ఒబామా చట్టం కింద విస్తరించి పార్టీలో విమర్శల పాలయ్యాడు. ఫ్లోరిడా మాజీ గవర్నరు జెబ్ బుష్‌కు పాలనానుభవం ఉంది గానీ, తండ్రీ అన్నా అధ్యక్షులుగా పనిచేసిన ఇంటిపేరు బలంతోపాటు బరువు కూడా అయింది. అప్పటి సెనేటరు మార్కో రూబియో యువకుడు, మాటకారి. 2013లో వలస చట్టం సవరణ బిల్లును తలకెత్తుకుని ఆ తరువాత దించుకున్నాడు. నాలుగోవాడైన క్రిస్ క్రిస్టీ, డెమొక్రాట్ల బలం ఎక్కువైన న్యూజెర్సీలో రెండుసార్లు గవర్నరుగా గెలిచినవాడు, పోలింగుకు మూడు రోజుల ముందు జరిగిన చర్చలో రూబియో ఒకే మాటను పదేపదే వల్లిస్తున్నాడని ఎత్తిచూపి అతన్ని బాగా దెబ్బతీశాడు.

ఓట్లు లెక్కించేసరికి డొనాల్డ్ ట్రంప్‌కు 35 శాతం, కేసిక్‌కు సుమారు 16, గట్టి సంప్రదాయవాది టెడ్ క్రూజ్‌కు 12 లోపు, బుష్‌కు 11, రూబియోకు 10కి పైన, క్రిస్టీకి 7 వచ్చాయి. పైన చెప్పిన నలుగురి ఓట్లు కలిపితే దాదాపు 45 శాతం, అంటే ట్రంప్‌కంటే ఎక్కువే. అయితే వారు ఒకరే అయి ఉంటే ట్రంప్ ఓడేవాడన్న వాదన చెప్పినంత తేలికగా రుజువు కాదు, ఎందుకంటే క్రిస్టీ ఓటరు రెండో ఇష్టం కేసిక్ కాక ట్రంపే కావచ్చు. అంతకంటే గమనించదగినది ఈ ఫలితం చేసిన పని. కేసిక్‌కు రెండో స్థానం, బుష్‌కు రూబియోను దాటామన్న తృప్తి, రూబియోకు కోలుకోవచ్చన్న ఆశ మిగిలాయి గనుక, క్రిస్టీ తప్పుకున్నా ముగ్గురూ పోటీలోనే నిలిచారు. తనకు మేలనిపించిన వ్యక్తికి ఓటు వేసిన ప్రతి మధ్యేవాదీ ఆ చీలికను మరికొంత పొడిగించాడు.

ఆ పొడిగింపు ఖరీదైనదే అయింది. ఓట్ల నిష్పత్తిలో కాక, అగ్రస్థానంలో ఉన్నవారికే డెలిగేట్లను కట్టబెట్టే నియమాలు రిపబ్లికన్ పార్టీలో చాలా రాష్ట్రాలలో ఉన్నాయి. ఆ నెల 20న దక్షిణ కరోలినాలో మూడోవంతు లోపు ఓట్లతోనే మొత్తం 50 మంది డెలిగేట్లు ట్రంప్‌కు చేరారు, బుష్ ఆ రాత్రే విరమించుకున్నాడు. మార్చి 15న ఫ్లోరిడా ఇచ్చే 99 మందీ అలాగే వెళ్లగా సొంత రాష్ట్రంలో ఓడిన రూబియో తప్పుకున్నాడు, అదే రోజు ఒహాయో గెలిచిన కేసిక్ మే మొదటివారం దాకా కొనసాగాడు.

అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారికి కూడా ఈ లెక్క తప్పదు, గ్రీన్‌కార్డు దగ్గరే ఆగినవారికి ఓటు లేదు గనుక ఆ బెడదా లేదు. తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్న టెక్సాస్‌లో ఓటరు నమోదుకు పార్టీతో పనిలేదు, పోలింగు రోజునే ఒక పార్టీ బ్యాలెట్టు ఎంచుకోవచ్చు. ఫ్లోరిడాలో మాత్రం ముందుగా ఆ పార్టీ పేరున నమోదైనవారికే అవకాశం.

ఓట్లు చీలకుండా ఉంటే ఏమవుతుందన్న ప్రశ్నకు 2024 కొంత జవాబిచ్చింది. జనవరి 10న క్రిస్టీ, 15న అయోవా ఫలితం రాగానే వివేక్ రామస్వామి, 21న రాన్ డిశాంటిస్ తప్పుకోగా, 23 నాటికి న్యూ హాంప్‌షైర్‌లో ట్రంప్‌కు ఎదురు నిలిచిన ప్రధాన అభ్యర్థి నిక్కీ హేలీ ఒక్కరే. మధ్యేవాదికి లెక్కలు కట్టవలసిన పని లేకుండాపోయింది, అయినా ట్రంప్‌కు 54 శాతం, ఆమెకు 43 శాతం వచ్చాయి. ఆమె గవర్నరుగా పనిచేసిన దక్షిణ కరోలినాలోనూ తేడా దాదాపు 20 శాతం. ఎనిమిదేళ్లలో పార్టీ నడిమి బిందువే జరిగిపోయిందని, చీలిక గురించి 2016లో చెప్పుకున్న కథ సగమేనని ఈ అంకెలను బట్టి అనుకోవాలి. హేలీ మార్చి 6న విరమించుకున్నారు. దాదాపు ఏడు వారాల తరువాత, పార్టీలో నమోదైనవారే ఓటు వేయగల పెన్సిల్వేనియా ప్రైమరీలో, ఇంకా బ్యాలెట్టుపై మిగిలిన ఆమె పేరుకు లక్షన్నరకు పైగా రిపబ్లికన్లు ఓటు వేశారు.