సారంగధరుని విషాదం బొమ్మల గడులలో

కోయంబత్తూరు, మధుర ప్రాంతాలలోని పాత తెలుగు ఊళ్ళలో ఇంటి మాట తెలుగు, బడి చదువు తమిళం. తమిళనాట 2006లో వచ్చిన చట్టంతో బడులలో తమిళం తప్పనిసరి మొదటి భాష అయిన పిమ్మట తెలుగు అక్షరం నేర్చే అవకాశం మరింత సన్నగిల్లినది. అవ్వ చెప్పే కథ వినగలిగిన పిల్లవాడు అదే కథను పుస్తకంలో చూస్తే కూడబలుక్కొని కూడా చదువలేడు. అట్టివానికి అక్షరాల వద్దకు దారి చూపగలిగినది బొమ్మల కథ అని నా అభిప్రాయం. శివకాశి నుండి వెలువడిన ముత్తు, లయన్ కామిక్స్ ఎన్నో ఏండ్లుగా తమిళ పిల్లలను చదువరులను చేశాయి గదా!

జపాను దేశపు బొమ్మల కథను మాంగా అంటారు. ఇది ఎక్కువగా నలుపు తెలుపులలోనే ఉంటుంది. ఇందు మాట తక్కువ, చూపు ఎక్కువ. ఒక్క క్షణాన్ని నాలుగైదు గడులుగా సాగదీసి, కన్నులు, చేతివేళ్ళు, ఖాళీ గుమ్మం మాత్రమే చూపి మనసులోని కలతను తెలుపుతారు. ఈ పద్ధతిలో లండన్ నగరపు సెల్ఫ్‌మేడ్‌హీరో అను ప్రచురణ సంస్థ 2007 నుండి షేక్‌స్పియర్ నాటకాలను వెలువరించినది. అందులో రోమియో, జూలియట్ల కథ నేటి టోక్యోలో జరుగుతుంది. హామ్లెట్ 2107వ సంవత్సరానికి చేరాడు. అయితే పాత్రల నోటి మాటలు మాత్రం, కుదించినవే అయినా, షేక్‌స్పియర్‌వే. వేషం మారినా వాక్కు మారలేదన్నది మనం గమనింపదగినది.

మనకు ఆ స్థాయి విషాద నాటకం ఏది? బళ్ళారిలో న్యాయవాదిగా ఉండిన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి విషాద సారంగధర. సరిహద్దు ఊరైన ఆ బళ్ళారి నాటక సమాజం మదరాసుకు వచ్చి ఆడిన ప్రదర్శనలు చూసిన ఉత్సాహంతోనే పమ్మల్ సంబంధ ముదలియారు 1891లో తమిళ నాటకానికి సుగుణ విలాస సభను నెలకొల్పారు. అంతకు చాలా మునుపే, మధురనేలిన విజయరంగ చొక్కనాథుని కాలంలో (1706–1732) సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు ఇదే కథను తెలుగు వచనంలో వ్రాశాడు. కనుక సారంగధరుడు మధుర తెలుగువారికి పరాయివాడు కాడు.

కథ మీరెరిగినదే. రాజమహేంద్రవరపు రాజకుమారుని పావురం ఎగిరి సవతితల్లి చిత్రాంగి మేడలో వాలుతుంది. దానికోసం వెళ్ళిన సారంగధరుని ఆమె కోరుతుంది. అతడు తల్లీ అని నిరాకరిస్తాడు. ఆమె మోపిన నింద నమ్మి తండ్రి రాజరాజు కొడుకు కాలుసేతులు ఖండింపజేస్తాడు. అసలు చిత్రాంగికి మొదట చూపినది సారంగధరుని చిత్తరువనీ, పెండ్లి మాత్రం రాజుతో జరిపించారనీ ఒక పాఠం ఉన్నది. 1957 చలనచిత్రం చూసినవారికి ఇది తెలుసును. అనర్థానికి మూలమే ఒక బొమ్మ అయినప్పుడు, ఈ కథ బొమ్మలలో ఒదగకుండునా? మొదటి పుటలో ఆ చిత్తరువునే నిలుపవలెను. అప్పుడు చిత్రాంగి ఉత్త దుష్టురాలుగా గాక, మోసపోయిన స్త్రీగా కూడా కనిపిస్తుంది.

రంగస్థలంపై నటుడు రాగం తీసి పద్యం పాడగా దుఃఖం సభ అంతటా వ్యాపిస్తుంది. కాగితానికి గొంతు లేదు. ఆ లోటును మౌనంతోనే పూరింపవలెను. మేడలోని ఘట్టాన్ని ఇట్లు గీయవచ్చును: కిటికీపై పావురం, గడప మీద ఆగిన పాదం, ఆమె కన్నులు, మాట లేని ఒక గడి, ఆ తరువాతనే "అమ్మా!" అను ఒక్క మాట. శిక్షను మాత్రం చూపరాదు. నెత్తురు గీయుట తేలిక, కానీ పిల్లల మనసులో నిలిచేది పంజరానికి తిరిగివచ్చిన ఒంటరి పావురమే. పద్యాలను పూర్తిగా విడువవద్దు. భాగానికొక పద్యం పెద్ద అక్షరాలలో ఉంచి, తక్కిన సంభాషణలు మన ఇండ్లలో పలికే తెలుగులోనే వ్రాయవలెను. నాన్న అనే ఇంట నాన్న, అయ్య అనే ఇంట అయ్య.

ముగింపు ఒక చిక్కు. సిద్ధుని కృపతో సారంగధరునికి అవయవాలు మరల వచ్చాయని పాత కథలు చెబుతాయి. ధర్మవరంవారు తమ నాటకానికి పేరులోనే విషాదాన్ని ఉంచారు. నేను వారి పక్షమే. సిద్ధుని సంగతి అవ్వ చెప్పుకొనును లెండి.

చదువలేనివారికై తెలుగు మాటలను తమిళ లిపిలో అచ్చువేయమని కొందరు అడుగవచ్చును. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. కాలి, గాలి ఒకే తీరుగా కనబడతాయి. అందువలన మొదటి భాగంలో మాత్రమే తెలుగు వరుస క్రింద తమిళ వరుస ఉంచి, రెండవ భాగం నుండి తీసివేయుట మేలు. నలుపు తెలుపుల అచ్చు గనుక రంగుల పుస్తకమంత ఖర్చు కాదు. కుడి నుండి ఎడమకు సాగే జపాను పుటల వరుస మనకు అక్కరలేదు.