ఘనవిజయం అంటే ఎన్ని గోల్స్?

"ఘనవిజయం" అన్న మాటని మనం చాలా ధారాళంగా ఖర్చుపెడుతూ వుంటాం. వాలీబాల్లో వరస సెట్లలో గెలిచినా ఘనవిజయమే, క్రికెట్టులో పది వికెట్ల తేడాతో గెలిచినా ఘనవిజయమే, కాలేజీ ఎన్నికల్లో వంద ఓట్ల మెజారిటీ వచ్చినా ఘనవిజయమే. మిగతా వాటి సంగతి ఎలా వున్నా, ఫుట్‌బాల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం యీ మాటకి అర్థం చెప్పటం అంత సులభం కాదు. ఎన్ని గోల్స్ తేడా వుంటే గెలుపు ఘనమైనదవుతుంది? అదృష్టం పాలు ఎంత, ఆట పాలు ఎంత? అన్నిటికంటే ముఖ్యంగా, గెలిచిన జట్టు అభిమానికి ఆ గెలుపు వల్ల చివరికి మిగిలేదేమిటి? యీ ప్రశ్నలకి నాకు తెలిసినంతలో సమాధానం చెప్పుకోవటానికే యీ వ్యాసం. ఉదాహరణగా హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బునే తీసుకుంటాను. అది నేను అభిమానించిన జట్టు. పైగా యిప్పుడు ఆ పేరుతో, ఆ వూళ్ళో లేని జట్టు.

ముందుగా నా సంగతి ఒక్క మాట. మాది జూలూరుపాడు. కొత్తగూడెం నుంచి తల్లాడ వెళ్ళే రోడ్డు మీద, పత్తిచేలకీ అడవికీ మధ్యన వున్న వూరు. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. మా వైపు కుర్రాళ్ళ ఆటలంటే వాలీబాల్, కబడ్డీ, ఆ తర్వాత క్రికెట్టు. ఫుట్‌బాల్ని మేం కాళ్ళతో నేర్చుకోలేదు, కళ్ళతో నేర్చుకున్నాం. సెల్‌ఫోన్లో మ్యాచీలు చూసి అభిమానులమైన వాళ్ళం.

గోలు ఎందుకంత ప్రియం?

కబడ్డీలో ఒక పాయింటు పోతే మరు కూతలో తెచ్చుకోవచ్చు. ఫుట్‌బాల్లో అలా కుదరదు. తొంభై నిమిషాలు యిరవై రెండు మంది పరుగెత్తితే, రెండు జట్లకీ కలిపి సగటున పడేవి రెండు మూడు గోల్స్. బంతి స్తంభానికి తగిలి లోపలికి పోవటానికీ, బయటికి పోవటానికీ మధ్య బెత్తెడు తేడా. గోల్స్ యింత తక్కువగా పడే ఆటలో అదృష్టం చేతికి చాలా అధికారం వుంటుంది. కనుకనే 1–0తో గెలిచిన జట్టే ఆ రోజు బాగా ఆడిందని ఖచ్చితంగా చెప్పలేం. గోల్‌పోస్టు ముందు ఎవరికి ఎన్ని మంచి అవకాశాలు దొరికాయి, బంతి ఎక్కడ ఎక్కువసేపు ఆడింది అన్నవి కూడా చూడాలి. ఆట తెలిసినవాళ్ళు స్కోరుతో పాటు అవకాశాల లెక్క కూడా వేస్తారంటే కారణం యిదే.

అయితే తేడా మూడు నాలుగు గోల్స్ దాకా పెరిగినప్పుడు సంగతి మారుతుంది. అదృష్టం ఒకసారి బంతిని లోపలికి నెట్టవచ్చు గాని, అయిదుసార్లు నెట్టదు. అటువంటి గెలుపు నెలలో ఒకసారి వస్తే ఆ రోజు బాగుందనుకోవచ్చు. మళ్ళీ మళ్ళీ వస్తుంటే మాత్రం దాని వెనకాల ఒక పద్ధతి వుందన్నమాట.

అయిదు గోల్స్ తిన్న జట్టు

హైదరాబాదు ఎఫ్.సి. పుట్టింది 2019 ఆగస్టులో. యిండియన్ సూపర్ లీగులో దాని మొట్టమొదటి మ్యాచి ఆ అక్టోబరు 25న కలకత్తాలో ఎ.టి.కె. జట్టుతో. ఫలితం 5–0, ఓటమి. ఆ సీజన్లో పద్ధెనిమిది మ్యాచీలాడి రెండే గెలిచింది. పది జట్లలో పదో స్థానం.

2020లో మనోలో మార్క్వెజ్ అనే స్పెయిన్ దేశస్థుడు కోచ్‌గా వచ్చాడు. ఆయన ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి చిన్న వయసు కుర్రాళ్ళని నమ్మి వరసగా ఆడించాడు. ఆ యేడు జట్టు అయిదో స్థానానికి వచ్చింది. యిరవై మ్యాచీల్లో ఓడింది మూడే. గెలుపుల కంటే డ్రాలు ఎక్కువ. అంటే ముందు ఓడకుండా వుండటం నేర్చుకున్నారు, తర్వాత గెలవటం. చదువులోనైనా యిదే వరస కదా!

మూడో సీజన్ 2021–22. కరోనా కారణంగా మ్యాచీలన్నీ గోవాలోనే జరిగాయి. డిసెంబరు 13న నార్త్ ఈస్ట్ యునైటెడ్ మీద 5–1. డిసెంబరు 28న ఒడిషా మీద 6–1. జనవరి 31న మళ్ళీ నార్త్ ఈస్ట్ మీద 5–0. నైజీరియా ఆటగాడు బార్తొలోమ్యూ ఒగ్బెచే ఆ సీజన్ మొత్తం మీద 18 గోల్స్ కొట్టాడు. లీగు దశలో జట్టు కొట్టినవి 43, తిన్నవి 23. పట్టికలో రెండో స్థానం. యింతకు ముందు చెప్పిన "పద్ధతి" యిదే.

మూడు గెలుపులు, మూడు రకాలు

ఆ సీజన్లో ఏ గెలుపు అన్నిటికంటే ఘనమైనదని మాలో మేము చాలాసార్లు వాదించుకున్నాం. కొందరు ఒడిషా మీద 6–1 అన్నారు. అంకెల్లో అదే పెద్దది, కాదనను. ఎక్కువమంది ఫైనల్ పేరు చెప్పారు. నా ఓటు మాత్రం సెమీఫైనల్ మొదటి మ్యాచికి.

2022 మార్చి 12. ఎదుట ఎ.టి.కె. మోహన్ బగాన్. అంటే మొదటి మ్యాచిలో మన వాళ్ళని 5–0తో పంపించిన ఎ.టి.కె., 2020లో మోహన్ బగాన్‌తో కలిసి యేర్పడిన జట్టు. పద్ధెనిమిదో నిమిషంలోనే రాయ్ కృష్ణ గోలు కొట్టాడు. మనవాళ్ళు కంగారుపడలేదు. విరామానికి కాస్త ముందు ఒగ్బెచే సమం చేశాడు. విరామం తర్వాత మహమ్మద్ యాసిర్ ఒకటి, హావియర్ సివేరియో ఒకటి. 3–1.

సెమీఫైనల్ అంటే రెండు మ్యాచీలు. రెండింటి గోల్స్ కలిపి చూస్తారు. నాలుగు రోజుల తర్వాత రెండో మ్యాచిలో మన జట్టు 0–1తో ఓడిపోయింది. అయినా మొత్తం మీద 3–2తో ఫైనల్‌కి వెళ్ళింది. మొదటి రోజు 2–1 వద్ద "చాల్లే" అనుకుని ఆగిపోయి వుంటే, రెండో రోజు ఓటమితో లెక్క సమానమై పోయేది. మూడో గోలు మొదటి రోజు అలంకారంలా కనిపించింది. నాలుగు రోజులకి అదే ప్రాణం కాపాడింది. నా దృష్టిలో ఘనవిజయానికి నిర్వచనం యిదే. రాబోయే చెడ్డ రోజుకి కూడా సరిపడేటంత గెలవటం. రైతు గాదెలో గింజలు దాచినట్టు.

యిక ఫైనల్. మార్చి 20, గోవాలోని ఫటోర్డా స్టేడియం. ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. గ్యాలరీల నిండా కేరళ అభిమానులు పసుపు చొక్కాల్లో. చిత్రమేమంటే ఆ రోజు మైదానంలో పసుపు దుస్తుల్లో ఆడింది హైదరాబాదు, కేరళ వాళ్ళవి నల్ల దుస్తులు! 68వ నిమిషంలో రాహుల్ కె.పి. కేరళకి గోలు కొట్టాడు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి నేరుగా గోల్లోకి వెళ్ళింది. అదనపు సమయంలో కూడా తేలక పెనాల్టీలకి పోయింది. మామూలుగా పెనాల్టీలు నాలుగింట మూడు గోలవుతాయి. ఆ రాత్రి కేరళ కొట్టిన నాలుగింట మూడింటిని గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఆపేశాడు. హాలీచరణ్ నార్జరీ చివరిది కొట్టి 3–1తో కప్పు ఖాయం చేశాడు. యిది గుండె దడదడలాడించిన గెలుపే గాని, మొదట చెప్పిన అర్థంలో ఘనవిజయం కాదు. రెండు నిమిషాలు గడిచి వుంటే కప్పు కేరళకి పోయేదే.

ఒక ప్రశ్న

ఆ ఫైనల్ని మా వూళ్ళో టీ హోటలు బెంచీ మీద ఒక ఫోన్ చుట్టూ ఆరుగురం మూగి చూశాం. కట్టిమణి మూడోది ఆపగానే మేం వేసిన కేకకి రోడ్డు మీద పోతున్న ట్రాక్టరు కూడా ఆగింది. అంతసేపూ మా వెనకాల నిలబడి చూస్తున్న ఒక పెద్దాయన, నేను తాతా అని పిలుస్తాను, నెమ్మదిగా అడిగాడు: "అంతా బానే వుంది గానీ, వీళ్ళల్లో మనోడు ఒక్కడన్నా వున్నాడారా?"

"అందరూ మనోళ్ళే తాతా, హైదరాబాదు టీము గదా" అన్నాడు మా వాళ్ళలో ఒకడు.

"టీము మనదేరా. పిల్లగాళ్ళు యేవూరోళ్ళు?"

గోల్‌కీపర్‌దీ, తవోరాదీ గోవా. నార్జరీది అస్సాం. యాసిర్‌ది మణిపూర్. ఆకాశ్ మిశ్రాది ఉత్తరప్రదేశ్. ఒగ్బెచే సంగతి సరేసరి. ఒక్క తెలుగు జిల్లా పేరు కూడా చెప్పలేకపోయాం. ఎవరెక్కడ పుట్టినా ఆట ఆటే. ఆ రాత్రి వాళ్ళ చెమటకి మేం పెట్టిన కేకలు అబద్ధం కావు. కాని తాత అడిగినది చిన్న ప్రశ్న కాదని తర్వాత తెలిసివచ్చింది.

మనోళ్ళు వున్న రోజులు

ఒకప్పుడు యీ ప్రశ్న అడగవలసిన అవసరమే లేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. 1950లో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చింది. 1956–57, 1957–58లో సంతోష్ ట్రోఫీ హైదరాబాదుదే. రెండుసార్లూ ఫైనల్లో ఓడింది బొంబాయే. 1965–66లో అదే ట్రోఫీ ఆంధ్రప్రదేశ్ పేరు మీద వచ్చింది.

యీ విజయాల్లో చాలావాటి వెనక వున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదువుకున్నారు. వృత్తి బడిపంతులు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా పోలీసు జట్టుకి కోచ్. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4–2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం అనిపించుకుంది. ఆ రోజు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆ ఒలింపిక్ జట్టులో హైదరాబాదు మైదానాల్లో ఆట నేర్చుకున్నవాళ్ళు చాలామంది.

పంతులుగారి పద్ధతి చూడండి. ఎడమ కాలు బలహీనమైన వాళ్ళ చేత ఆ కాలితోనే ఆడించే పోటీలు పెట్టేవారు. బంతిని దగ్గర పెట్టుకోకుండా ఒక్క తాకుడుతో అందించే పోటీలు పెట్టేవారు. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, ప్రాక్టీసుకి వచ్చిపోయే స్తోమతు లేదంటే, సైకిలు అద్దెకి డబ్బులిచ్చి రప్పించుకున్నారు. ఆ బలరామే 1956 ఒలింపిక్స్‌లో, 1962 బంగారు జట్టులో ఆడాడు. అప్పటి ఆటగాడికి పోలీసు ఉద్యోగం అన్నం పెట్టేది, మైదానం అందుబాటులో వుండేది, పంతులు యింటి పక్కనే వుండేవాడు.

కప్పు తర్వాత

యిప్పుడు మళ్ళీ మన కథకి. 2022–23లో హైదరాబాదు ఎఫ్.సి. మళ్ళీ రెండో స్థానం సాధించింది. సెమీఫైనల్లో పెనాల్టీల మీద ఓడింది. 2023–24 వచ్చేసరికి డబ్బు చిక్కులు, జీతాల బకాయిలు. సీజన్ మధ్యలోనే విదేశీయులు, పేరున్న ఆటగాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళతో 22 మ్యాచీలాడితే ఒకే ఒక్క గెలుపు. తర్వాత యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. గచ్చిబౌలి స్టేడియంలో డప్పులతో గొంతు చించుకున్న డెక్కన్ లీజియన్ అభిమానులకీ, జూలూరుపాడులో ఫోన్ పట్టుకున్న మాకూ మిగిలినది ఒక తేదీ, ఒక స్కోరు.

చాంపియన్లుగా నిలిచిన మూడున్నరేళ్ళకి జట్టే లేకుండా పోవటం ఎలా సాధ్యమైంది? తాత ప్రశ్నలోనే జవాబు వుందనిపిస్తుంది. ఆ క్లబ్బు మైదానంలో బలంగా వుండేది. మైదానం కింద వేళ్ళు లేవు. మన బళ్ళలోంచి, మన జిల్లా లీగుల్లోంచి పదిమంది కుర్రాళ్ళు ఆ జట్టులోకి వెళ్ళి వుంటే, డబ్బు పెట్టేవారు మారినా, పేరు మారినా, ఆ పదిమంది యిక్కడే వుండేవారు. యింకో జట్టు కట్టుకునేవారు. సెమీఫైనల్లో మూడో గోలు లాంటిది క్లబ్బుకి కూడా ఒకటి కావాలి. చెడ్డ రోజుకి దాచుకున్న గింజ. మనకి అది లేకపోయింది.

కనుక "ఘనవిజయం అంటే ఎన్ని గోల్స్?" అన్న ప్రశ్నకి నా సమాధానం: ఆ మ్యాచికి కావలసిన వాటికంటే ఒకటి ఎక్కువ, ఆ ఒకటి మైదానం బయట కూడా కొట్టాలి.

యిది చదివే విద్యార్థి మిత్రులకీ, అధ్యాపకులకీ, ముఖ్యంగా ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులకీ ఒక మనవి. మన కళాశాలలో ఫుట్‌బాల్ పోటీలకి ప్రతి యేడూ ఒక కప్పు యివ్వటం తేలిక. అంతకంటే, చుట్టుపక్కల హైస్కూళ్ళ పిల్లలకి శెలవుల్లో మన మైదానం తెరిచి, రెండు గోల్‌పోస్టులు పాతి, నాలుగు బంతులిచ్చి, రహీమ్ పంతులుగారి లాగా ఎడమ కాలి పోటీ ఒకటి పెడితే ఖర్చు పెద్దగా కాదు. జూలూరుపాడు, ఏన్కూరు, చండ్రుగొండ పిల్లలు రావటానికి బస్సు ఛార్జీలు కావాలి, అంతే. అప్పుడు యింకెప్పుడైనా హైదరాబాదు పేరుతో ఒక జట్టు మైదానంలోకి దిగితే, తాత అడిగిన ప్రశ్నకి చెప్పటానికి మన దగ్గర ఒక పేరైనా వుంటుంది.