గ్రంథములలో మాటలను వెదకు సాధనము

అలెగ్జాండర్ క్రూడెన్ అను నాతడు ఆంగ్ల బైబిలులోని మాటలు ఏయే వచనములందు గలవో తెలుపు సూచికను ఒంటరిగా కూర్చి 1737వ సంవత్సరమున లండనులో ప్రకటించెను. నేడు గ్రంథము కంప్యూటరులో నున్నచో, కోరిన మాట గల పంక్తుల నన్నిటిని క్షణములో రాబట్టవచ్చును. అందులకు వాడు సాధనములలో ప్రసిద్ధమైనది "గ్రెప్".

దీనిని అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్ రచించెను. 1973 నాటి యూనిక్స్‌లో నిది చేరియున్నది. అచ్చటివాడే యగు లీ మెక్‌మహాన్ "ఫెడరలిస్టు" వ్యాసములను పరిశోధింపగోరెననియు, నాటి దిద్దుబాటు సాధనము అంత గ్రంథమును పట్టలేకపోయిన దనియు, అందుచే దానిలోని వెదకు భాగమును థాంప్సన్ వేరుచేసెననియు బ్రయన్ కెర్నిఘన్ చెప్పియున్నాడు. ఆ వ్యాసములు 85. అవి 1787, 1788 సంవత్సరములలో ఒకే మారుపేరుతో వెలువడినవి. అందు 12 హామిల్టనువో మాడిసనువో యని చిరకాలము వివాదము జరిగెను. "అపాన్" వంటి చిన్న మాటల లెక్కచేతనే మోస్టెల్లర్, వాలెస్ అను వారు 1964లో అవి మాడిసనువని తేల్చిరి. చిన్న మాటలను తృణీకరింపరాదు.

గ్రెప్ గ్రంథమును పంక్తి వెంట పంక్తిగా చదివి, మనమిచ్చిన ఆకృతి యున్న పంక్తిని చూపును. ఆకృతిలో చుక్క యుంచిన ఏ యొక్క అక్షరమైనను సరిపోవును. బాణపుమొన గుర్తు పంక్తి మొదలును, డాలరు గుర్తు పంక్తి చివరను తెలుపును. చదరపు కుండలీకరణములలో నుంచిన అక్షరములలో ఏ యొక్కటి యైనను చాలును.

ఈ కడపటి గుర్తు తెలుగువారికి మిక్కిలి యక్కఱకు వచ్చును. "కలదు" అని మాత్రము వెదకినచో "ఊరియందు గలదు" అను పంక్తి దొరకదు. సంధిచే కకారము గకారమైనది గదా! క, గ రెంటిని కుండలీకరణములో నుంచి తరువాత "లదు" అని వ్రాసినచో రెండు రూపములును చిక్కును. కావున మన విద్యార్థులు విసుగుతో వల్లించు సరళాదేశసంధి సూత్రము ఇచ్చట పనికివచ్చుచున్నది.

మఱియొక చిక్కు కలదు. "రామ" అని వెదకిన "రాముడు" వచ్చుట యట్లుండ, "విరామము", "గ్రామము" కూడ వచ్చును. మన కంటికి "గ్రా" ఒక్క యక్షరము. యంత్రమునకో అది గకారము, పొల్లు, రకారము, దీర్ఘము అను నాలుగు గుర్తుల వరుస. ఆ వరుసలో "రామ" దాగియున్నది. ముందు ఖాళీ యుంచి వెదకిన ఈ రెండు మాటలును తొలగును గాని, పంక్తి మొదటనున్న "రామ" కూడ జారిపోవును. అందుచే "పంక్తి మొదలైనను, ఖాళీ యైనను" అని రెండు విధములుగ చెప్పవలెను. అక్కఱలేనిది వచ్చినచో కన్ను పట్టుకొనును. రావలసినది రాకపోయిన నెవ్వరికిని తెలియదు. మా యభిప్రాయమున నిదియే పెద్ద యపాయము.

లెక్కయందును జాగ్రత్త వలయును. లెక్క చెప్పుమన్నచో గ్రెప్ పంక్తులనే లెక్కించును. ఒక పంక్తిలో మాట మూడుమార్లు వచ్చినను ఒకటియే. దొరికిన మాటలను మాత్రమే విడివిడిగ చూపుమని యాజ్ఞాపించి, ఆ వచ్చిన వరుసను లెక్కించినచో సరియైన సంఖ్య తెలియును.